నలభై ఒకటో బూతులో కృష్ణయ్య పేరు

కిందటి వారం అక్కమ్మను ప్రొద్దుటూరులో, మల్లికార్జున శెట్టి కంప్యూటర్ సెంటరు మెట్ల మీద వదిలి వచ్చాం. ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. దాని మీద తాళంచెవి పార్టీ గుర్తు, కింద జమ్మలమడుగు పక్కనున్న పెద్దకొట్టాల ఊరి పేరు, నలభై ఒకటో పోలింగు బూతు, ఏజెంటుగా ఆమె భర్త కృష్ణయ్య పేరు ఉన్నాయి. కృష్ణయ్య ఇరవై ఏండ్లుగా గొడుగు పార్టీకి ఏజెంటుగా కూర్చుంటున్నవాడు. శనివారం సాయంత్రం ఆ కాగితం ఊర్లోకి వచ్చింది. ఆదివారం పొద్దున గొడుగు వాళ్లు అతని గొర్రెల దొడ్డికి నిప్పు పెట్టారు. కృష్ణయ్య పులివెందులలో ఉన్న చెల్లెలి ఇంటికి పారిపోయాడు. అతను ఏ పార్టీలోకీ మారలేదు. ఆ సంగతి అక్కమ్మకు తెలుసు. ఆమె చెబితే నమ్మేవాళ్లు మాత్రం ఊర్లో ఒక్కరూ లేరు.

మంగళవారం పది గంటలకు ఆమె పైకి ఎక్కి వచ్చింది. బట్టల షాపు మీద మేడ అది. ఒక గదిలో పిల్లలు టైపింగు నేర్చుకుంటున్నారు. ఇంకో గదిలో పెండ్లి పత్రికలు అచ్చవుతున్నాయి. గాజు తలుపు వెనక మల్లికార్జున శెట్టి కూర్చుని ఉన్నాడు. చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అక్కమ్మ నేరుగా అతని ముందుకు పోయి కాగితం బల్ల మీద పరిచింది.

"ఈ పేరు ఎవురు రాసినారప్పా?" అంది.

శెట్టి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. తాము అచ్చు వేసేవాళ్లమే తప్ప పేర్లు రాసేవాళ్లం కాదని, పార్టీ ఆఫీసు వాళ్లు ఏది ఇస్తే అదే వస్తుందని, వాళ్లనే పోయి అడగమని అతను నెమ్మదిగా చెప్పాడు. అడిగే వచ్చానని అక్కమ్మ అంది. తాళంచెవి ఆఫీసులో గుమాస్తా నవ్వాడట. "ప్రొద్దుటూరు శెట్టి కంప్యూటర్లో వచ్చింది, మీ ఆయన మనసులో ఏముందో నీకేం తెలుసు?" అన్నాడట.

ఆ తర్వాత ఆమె దొడ్డి సంగతి చెప్పింది. ఏడవకుండా, ఎవరి మీదా శాపం పెట్టకుండా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. పెద్ద గొర్రెలు కంప దాటుకుని బయటపడ్డాయి. ఆరు పిల్లలు బయటపడలేదు. ఒక చూడి గొర్రె వాటి దగ్గరే నిలబడిపోయింది. రెండు సార్లు తలకు పోసుకున్నా వెంట్రుకల్లో ఆ వాసన పోలేదంది.

పక్క బల్ల దగ్గర పని చేసుకుంటున్న గౌరి చేతులు ఆగిపోయాయి. గౌరిది చిలమకూరు. ఎం.సి.ఎ. చదివి, హైదరాబాదులో రెండేండ్లు పెద్ద కంపెనీ సర్వర్ల మీద పని చేసి, తల్లికి జబ్బు చేస్తే తిరిగి వచ్చింది. గొడుగు పార్టీ బూతు ఏజెంట్ల జాబితాకు అప్లికేషన్ రాసింది ఆమే. ఆ పార్టీ ఆఫీసు నుంచి ఫోను లైను మీద ఈ సెంటరు సర్వర్‌లోకి వచ్చి, పేర్లు ఎక్కించుకుని, బూతు వారీగా అచ్చు తీసుకుంటారు. గౌరికి తెలిసినంతవరకు ఈ సెంటరు పని చేసేది గొడుగు పార్టీ ఒక్కదానికే.

ఆమె లేచి వచ్చి కాగితం తీసుకుని చూసింది. నిలువు గీతలు, అక్షరాల వరుస, అన్నీ తెలిసినవిలాగే అనిపించాయి. మూడో గడి మీద 'ప్రత్యమ్నాయ ఏజెంటు' అని ఉంది. 'ప్రత్యామ్నాయ' అని ఉండాలి. దీర్ఘం లేదు. ఆ తప్పు గౌరిదే. డిసెంబరులో తొందరలో టైపు చేసి, తర్వాత చూసుకుని, దిద్దుదామనుకుంటూనే వదిలేసింది. తాళంచెవి పార్టీ కాగితం మీద తన అక్షరదోషం ఎట్లా వచ్చింది?

ఆమె శెట్టి వైపు చూసింది. శెట్టి కిటికీ వైపు చూశాడు.

గౌరి ఇంకేమీ అడగకుండా సర్వర్ గదిలోకి పోయింది. అక్కమ్మ కూడా ఆమె వెనకే పోయి లోపల తలుపు పక్కన నిలబడింది. సర్వర్‌లో ఏ అప్లికేషన్లు నడుస్తున్నాయో తెరిచి చూస్తే ఒకటి ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. రెండోదాని పేరు 'తాళంచెవి'. దాన్ని విప్పి చూసింది. లోపల జాబితా తయారు చేసే మాడ్యూలు అచ్చంగా తను రాసిందే. ఒక్క అక్షరం మార్చకుండా, తను పైన రాసి పెట్టిన హెచ్చరికతో సహా ఎత్తి పెట్టారు. 'దీన్ని వేరే అప్లికేషన్లో వాడేముందు డేటాబేసు పేరు మార్చవలెను' అని ఆమె ఇంగ్లీషులో మూడు లైన్లు రాసింది. వాటిని ఎవరూ చదివినట్టు లేదు.

శెట్టి లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, మొత్తం చెప్పాడు. జనవరిలో తాళంచెవి వాళ్లు కూడా వచ్చి, తమకూ అట్లాంటిదే కావాలన్నారు. కాదనే ధైర్యం తనకు లేదు. గౌరి రాసిన మాడ్యూలునే కాపీ చేసి మేనల్లుడు చెన్నకేశవ చేత ఇంకో అప్లికేషన్ కట్టించాడు. దాన్ని వెనక గదిలో చిన్న సర్వర్ మీద పెట్టి, బట్టల షాపు బిల్లుల మిషను అని అందరికీ చెప్పాడు. పోయిన శుక్రవారం ఓల్టేజీ ఎక్కువై చిన్న సర్వర్ కాలిపోయింది. శనివారం పొద్దున చెన్నకేశవ దాన్ని తెచ్చి ఈ పెద్ద సర్వర్ మీదకు ఎక్కించాడు. తాళంచెవి ఆఫీసు వాళ్లకు మిగిలిపోయిన బూతుల కాగితాలు అదే రోజు కావాల్సి వచ్చాయి.

గౌరి శనివారం నాటి లాగ్ తెరిచింది. సర్వర్ తను చేసిన ప్రతి పనీ అందులో రాసి పెడుతుంది. వెతికిన లైను తొమ్మిదీ నలభైకి దొరికింది. 'ఏజెంట్లు అనే పేరు ఇప్పటికే నమోదై ఉంది. ఉన్నదాన్నే వాడుతున్నాను.'

ఆ లైనులోనే అంతా ఉంది. సర్వర్ దగ్గర ఒక పేర్ల పట్టిక ఉంటుంది. ప్రతి అప్లికేషన్ తన డేటాబేసుకు ఒక పేరు పెట్టి అందులో నమోదు చేయించుకోవాలి. ఆ తర్వాత ఎవరు ఆ పేరు అడిగినా సర్వర్ ఆ డేటాబేసునే చూపిస్తుంది. గౌరి తన డేటాబేసుకు 'ఏజెంట్లు' అని పేరు పెట్టింది. మాడ్యూలును ఎత్తుకుపోయినవాళ్లు పేరును కూడా అట్లాగే ఎత్తుకుపోయారు. రెండు మిషన్ల మీద ఉన్నన్నాళ్లూ గొడవ లేదు. ఒకే మిషను మీదకు వచ్చేసరికి రెండోదానికి ఆ పేరు దక్కలేదు. తాళంచెవి అప్లికేషన్ 'ఏజెంట్లు' అని అడిగింది. సర్వర్ గొడుగు వాళ్ల డేటాబేసును తెరిచి ఇచ్చింది. తాళంచెవి గుర్తు కింద గొడుగు ఏజెంటు పేరు అచ్చయింది.

శనివారం ఎన్ని బూతులు అచ్చు వేశారని గౌరి చూసింది. పదకొండు. పదకొండు ఊర్లలో పదకొండు మంది గొడుగు ఏజెంట్లు ఎదుటి పార్టీ జాబితాలోకి ఎక్కారు. ఏ ఊరివాళ్లు ఆ ఊరి కాగితమే చూసుకున్నారు. ఎవరికి వాళ్లు తమ ఊర్లో ఒక ద్రోహి పుట్టాడనుకున్నారు.

అక్కమ్మ తలుపు దగ్గర నుంచే అడిగింది. "ఏం దొరికిందమ్మా?"

గౌరి చెప్పబోయేంతలో శెట్టి అడ్డం వచ్చాడు. మాటలు జాగ్రత్త అన్నాడు. రెండు పార్టీల జాబితాలూ ఒకే మిషన్లో ఉన్నాయని బయటపడితే, తమ రహస్యాలన్నీ ఎదుటివాళ్లకు అమ్మేశారని ఇద్దరూ అనుకుంటారు. పోలింగుకు ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. ఈ మేడను తగలబెట్టడానికి వాళ్లకు అరగంట చాలు. కింద షాపులో పద్నాలుగు మంది పని చేస్తున్నారు. ఒకరికి చేసి ఇంకొకరికి చేయనంటే తను ఈ ఊర్లో తలుపు తెరవగలడా? రెండు రోజులు ఓపిక పడితే చెన్నకేశవ చేత చప్పుడు లేకుండా సరిచేయిస్తానన్నాడు.

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. భయం కూడా నిజమైనదే. కానీ రెండు రోజులు అన్న మాట దగ్గర గౌరికి ఒళ్లు మండిపోయింది.

"రెండు రోజులా సార్? ఇది పది నిమిషాల పని. పది నిమిషాల పని శనివారం చేయక ఆమె దొడ్డి కాలింది. మీ మేడ కాలుతుందేమోనని మీకు భయం. ఆమెది కాలిపోయింది. ఇంకా పదిమంది ఇండ్లు ఉన్నాయి."

శెట్టి మిషను ముందు నుంచి పక్కకు జరిగాడు.

గౌరి అక్కడే కూర్చుని పని మొదలుపెట్టింది. మాడ్యూలును ముట్టుకోలేదు. లోపల అది 'ఏజెంట్లు' అనే పిలుచుకోవచ్చు. ఏ అప్లికేషన్లో కూర్చుంటే ఆ అప్లికేషన్ పేరు ముందు చేర్చి, సర్వర్ పట్టికలో వేరుగా నమోదు చేయాలి. లోపలి పేరును ఆ బయటి పేరుకు కట్టాలి. ఒకదాన్ని 'గొడుగు ఏజెంట్లు' అని, రెండోదాన్ని 'తాళంచెవి ఏజెంట్లు' అని రాసింది. రెండింటినీ ఆపి మళ్లీ లేపింది. లాగ్‌లో ఈసారి ఏ గొడవా రాలేదు. తాళంచెవి అప్లికేషన్ నుంచి నలభై ఒకటో బూతు అచ్చు తీసింది. గుర్తు అదే, ఊరు అదే, బూతు అదే. ఏజెంటు పేరు దగ్గర హుమాయున్ అని వచ్చింది.

ఆ కాగితం అక్కమ్మకు చదివి వినిపించింది. హుమాయున్ తెలుసంది అక్కమ్మ. ఊరి చివర సైకిల్ షాపు అతనిది. తన చోట్లో కృష్ణయ్యను పెట్టారని అతను కూడా మూడు రోజులుగా కోపంగా ఉన్నాడు. ఆదివారం బావి దగ్గర అతని భార్య షాహీదాబీ మొహం తిప్పుకుని పోయింది.

అప్పుడు గౌరి తెల్ల కాగితం తీసుకుని తెలుగులో రాసింది. ఏ రోజు ఏం జరిగిందో, ఒకే పేరు రెండు డేటాబేసులకు ఎట్లా అంటుకుందో, పదకొండు ఊర్లూ, పదకొండు పేర్లూ రాసింది. వీళ్లలో ఎవరూ పార్టీ మారలేదని రాసింది. ఆఖర్న ఒక్క క్షణం ఆగి, 'ఏజెంట్లు అని మొదట ఆ పేరు పెట్టినది నేనే, ముందుచూపు లేక ఎవరికైనా అతికే పేరు పెట్టాను' అని కూడా చేర్చి సంతకం చేసింది. రెండు పార్టీలకూ రెండు ప్రతులు తీసింది. సెంటరు ముద్ర వేయమని శెట్టిని అడిగింది.

అతను వేయనన్నాడు. ఆ కాగితం ఈ తలుపు దాటితే ఆమెకు ఇక్కడ ఉద్యోగం లేదన్నాడు. ఆ మాట అనేటప్పుడు కూడా గొంతు పెంచలేదు. బతిమాలినట్టే అన్నాడు. గౌరి బ్యాగు భుజాన వేసుకుంది.

జమ్మలమడుగు బస్సులో ఇద్దరికీ వెనక సీటు దొరికింది. ఎండ కిటికీలోంచి మోకాళ్ల మీద పడుతోంది. కొంతదూరం పోయాక, ఆ మిషన్లో అసలు ఏమైందో తనకు అర్థమయ్యేట్టు చెప్పమని అక్కమ్మ అడిగింది. గౌరి చెప్పింది. అక్కమ్మ మధ్యలో రెండు ప్రశ్నలు వేసి, మిగతాదంతా తలాడిస్తూ వింది. తర్వాత అంతవరకూ అడగని మాట అడిగింది. పెండ్లయిందా, ఉద్యోగం పోతే ఇంట్లో ఏమంటారు అని. నాన్న ఫ్యాక్టరీ జీతం ఉంది, అమ్మ మందులకు సరిపోతుందంది గౌరి. అక్కమ్మ ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది.

గొడుగు పార్టీ ఎన్నికల ఆఫీసు నాపరాళ్ల గోడౌన్లో పెట్టారు. వీరాంజనేయులు బయట రేకుల నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. పెద్దకొట్టాలకు, చుట్టుపక్కల ఊర్లకు ఆ పార్టీ పెద్ద అతనే. కృష్ణయ్య, అతను చిన్నప్పుడు ఒకే మందను మేపారు. అక్కమ్మను చూడగానే చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేశారు.

దొడ్డికి నిప్పు పెట్టమని తను చెప్పలేదని అతను ముందే అన్నాడు. పిల్లనాయాళ్లు ఆగలేదన్నాడు.

"ఎవురు అంటించినా కాలింది నా గొర్రెపిల్లలే గదన్నా," అంది అక్కమ్మ. "నువ్వు అంటించలేదు. ఆర్పడానికి కూడా రాలేదు."

అతను తల దించుకుని కాగితాలు అందుకున్నాడు. ముందు గౌరి ఉత్తరం చదివాడు. తర్వాత నలభై ఒకటో బూతు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకదాంట్లో కృష్ణయ్య, ఒకదాంట్లో హుమాయున్. ముద్ర లేదేమని అడిగాడు. వేయనన్నారని, సంతకం మాత్రం తనదని గౌరి చెప్పింది. ఎదుటివాళ్ల జాబితా కూడా మీ దగ్గరే ఉందా అని ఒకడు వెనక నుంచి గట్టిగా అన్నాడు. ఉందని, ఆ సంగతి తనకు ఈ పొద్దే తెలిసిందని, ఇదే ఉత్తరం ఇక్కడి నుంచి వాళ్ల ఆఫీసుకు కూడా తీసుకుపోతానని గౌరి అంది. ఆ మాటకు కొందరు లేచి నిలబడ్డారు. వీరాంజనేయులు చెయ్యి చూపి కూర్చోమన్నాడు.

"మిషను అబద్ధం చెప్పదంటారే పాపా?"

"చెప్పలేదన్నా. అడిగిన పేరు కింద ఏముందో అదే చూపించింది. రెండిండ్లకూ ఒకే పేరు పెట్టింది మేము."

అతనికి ఇంకా అంతు పట్టలేదు. అప్పుడు అక్కమ్మ అందుకుంది.

"రెండు మందలకూ గుర్తుకని చెవికి ఒకే కోత కోసి ఒకే దొడ్లో తోలినారన్నా. తోలినోళ్లు ఎవురూ చెప్పలా. పొద్దున లేచి నీ గొర్రె నా మందలో ఉంటే, గొర్రె దొంగదంటావా?"

వీరాంజనేయులు ఉత్తరం ఒళ్లో పెట్టుకున్నాడు. పదకొండు పేర్లూ మళ్లీ ఒకసారి వేలు పెట్టి చదివాడు. అందులో ఇద్దరిని అంతకుముందు తనే ఆఫీసు గడప తొక్కవద్దని చెప్పి ఉన్నాడు. అక్కమ్మకు కుర్చీ తెప్పించాడు. గౌరికి నీళ్లు ఇప్పించాడు. ఒకతన్ని పిలిచి, మిగతా పది ఊర్లకూ ఇప్పుడే మనిషిని పంపమని, ఎవరి మీదా చెయ్యి పడకూడదని చెప్పాడు. ఇంకొకతన్ని పిలిచి పులివెందులకు ఫోను కలపమన్నాడు. కృష్ణయ్యతో తనే మాట్లాడతానన్నాడు. "నా ఊర్లో, నా ముందర వానికి ఈ గతి పట్టింది. క్షమించమని అడుగుతా," అన్నాడు. అక్కమ్మ అప్పుడు కూర్చుంది. బస్సులో తప్ప పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం గౌరి చూడలేదు.

లోపల నుంచి ఫోను చేసినతను బయటికి వచ్చాడు. కృష్ణయ్య చెల్లెలి ఇంట్లో లేడట. పొద్దున్నే జీపు ఒకటి వచ్చి ఎక్కించుకుపోయిందట. ఎవరి జీపు అంటే ఆమె చెప్పలేకపోయిందట.

అక్కమ్మ లేచి నిలబడింది. అంతలోనే రోడ్డు మీద దుమ్ము లేచింది. మైకు మోగుతూ ఒక జీపు, దాని వెనక ఇంకో రెండు వచ్చి గోడౌను ఎదురుగా ఆగాయి. ముందు జీపుకు తాళంచెవి జెండా ఉంది. ముందు సీట్లోంచి దిగినవాడు కృష్ణయ్య. మూడు రోజుల గడ్డం, తొడుక్కున్న చొక్కా అతనిది కాదు. మెడలో తాళంచెవి కండువా ఉంది.

అతను భార్యను చూశాడు. చూపు ఆమె మీద ఆగలేదు. వీరాంజనేయులు మీదకు పోయింది.

"నేను మారకముందే నా దొడ్డి కాల్చినారు," అన్నాడు. "ఇప్పుడు మారినా. నలభై ఒకటో బూతులో నేనే కూర్చుంటా. ఎవురు లేపుతారో చూస్తా."

రేకుల నీడలో కూర్చున్నవాళ్లందరూ లేచారు. కుర్చీల కింది నుంచి కర్రలు బయటికి వచ్చాయి. ఎదురు జీపుల్లో నుంచి కూడా మనుషులు దిగుతున్నారు. వీరాంజనేయులు చేతిలో గౌరి ఉత్తరం, రెండు బూతు కాగితాలూ ఇంకా అట్లాగే ఉన్నాయి. అతను వాటిని గౌరి వైపు చాచాడు.

"చెప్పు పాపా," అన్నాడు నిదానంగా. "ఇప్పుడు ఈ రెండు కాగితాల్లో ఏది నిజం?"

గౌరి నోరు తెరిచేలోపు అక్కమ్మ ఆ ఉత్తరాన్ని అతని చేతిలోంచి లాక్కుని, రెండు గుంపుల మధ్య ఉన్న రోడ్డు మీదకు నడిచింది.